కాళ్ళు చూసే అత్తమ్మ

చిక్కడపల్లిలో మా వీధిలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా ఆమె వచ్చేది. చూడవచ్చిన వాళ్ళందరూ ఊయల చుట్టూ చేరి ముక్కు ఎవరిది, రంగు ఎవరిది అని తేల్చుకుంటూ ఉంటే, ఆమె మాత్రం తిన్నగా మంచం దగ్గరికి నడిచి, కాళ్ళ వైపు కూర్చుని, బాలింత కప్పుకున్న దుప్పటి అంచు పట్టుకునేది.

"పిల్లను తర్వాత చూస్త. ముందుగాల నీ కాళ్ళు చూపియ్యి."

కొందరు నవ్వేవాళ్ళు. కొందరు సిగ్గుపడి కాళ్ళు ముడుచుకునేవాళ్ళు. ఆమె దేనికీ కదిలేది కాదు. దుప్పటి జరిపి, రెండు పిక్కల మీదా చేయి వేసి, చీలమండ దగ్గర వేలితో నొక్కి, ఆ సొట్ట ఎంతసేపటికి పూడుతుందో చూసేది. తరువాత అదే చేత్తో చీర కొంగు సర్దుకుని ఊయల దగ్గరికి పోయేది. పిల్లను చూసి ఆమె మెచ్చుకున్నట్టు నాకు గుర్తు లేదు. "మంచిగున్నది" అనేది. ఏ పిల్లనైనా అంతే.

పోయిన నెల ఒక పొద్దున అమ్మ ఫోన్ చేసి, "పైనింటి వదిన పోయిందే. పండుకున్నది పండుకున్నట్టే" అన్నది. విద్యానగర్ నుంచి ఆటోలో పోతూ ఆమె ముఖం గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. సరిగా రాలేదు. ఆమె నిలబడే తీరు వచ్చింది, కూర్చునే తీరు వచ్చింది.

ఆమె ఒకచోట కదలకుండా నిలబడేది కాదు. చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో గోంగూర ఏరుతూ కూడా మడమలు పైకి లేపేది, దించేది, మళ్ళీ లేపేది. గోడ అవతల ఏముందో తొంగి చూస్తున్న చిన్నపిల్లలా ఉండేది ఆ వాలకం. గోంగూర అమ్మే ముసలామెకు అలవాటైపోయి, "ఎగురుడు అయినంక చెప్పమ్మా, ఎన్ని కట్టలు కట్టాల్నో" అనేది. గుడిలో హారతి ఇస్తున్నప్పుడూ అంతే. వెనక నిలబడ్డ వాళ్ళకు హారతి ఒకసారి కనిపించేది, ఒకసారి ఆమె కొప్పు కనిపించేది.

కూర్చోవాలంటే ఆమెకు రెండు కుర్చీలు కావాలి. ఒకటి తనకు, ఒకటి కాళ్ళకు. కుర్చీ దొరకకపోతే బోర్లించిన బకెట్ అయినా సరే. నారాయణగూడలో ఒక పెళ్ళికి పోయినప్పుడు, పెళ్ళికొడుకు పెదనాయన ఒకాయన ఆమె కాళ్ళను చూసి ముఖం చిట్లించాడు.

"పెద్దోళ్ళు కూసున్న కాడ గట్ల కాళ్ళు చాపుడేందమ్మా?"

"మీ దిక్కు చాపలేదన్నా. గోడ దిక్కు చాపిన" అని ఆమె కుర్చీని ఇంకొంచెం గోడ వైపు తిప్పింది. కాళ్ళు మాత్రం దించలేదు.

ఆమె పేరు నాకు తెలుసు, కానీ వీధిలో ఆ పేరు పెట్టి పిలిచిన వాళ్ళు లేరు. అమ్మకు వదిన, నాకు అత్తమ్మ. ఆమె లేని చోట అందరికీ 'కాళ్ళామె'. భర్త ఏదో ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. మెత్తని మనిషి. బాల్కనీలో పేపరు ముందు పెట్టుకుని కూర్చునేవాడు. ఆమె ఎక్కడికైనా బయల్దేరితే పేపరు వెనక నుంచే, "మా కాళ్ళ డాక్టరమ్మ డ్యూటీకి పోతున్నది" అని కింద ఉన్న మాకు వినబడేలా అనేవాడు. ఎగతాళే గానీ అందులో కోపం ఉండేది కాదు.

ఆమె చెప్పిందల్లా నిజమయ్యేదని అనుకోకండి. మా వెనక సందులో ఒకరింట్లో మనవరాలికి పేరు పెట్టే ఫంక్షన్ జరుగుతుంటే, పట్టుచీరలో కూర్చున్న బాలింత పాదాలు చూసి అందరి ముందూ "ఇది మంచిగ లేదు, ఇప్పుడే దవాఖానకు పోవాలె" అన్నది. పీటల మీద నుంచి ఆ అమ్మాయి ఏడుస్తూ లేచింది. భోజనాలు ఆగిపోయాయి. డాక్టరు చూసి ఏమీ లేదు, కాన్పు తర్వాత కొందరికి ఒంట్లో నీరు తగ్గడానికి టైం పడుతుంది, తగ్గిపోతుంది అని పంపేశాడు. ఆ అమ్మాయి అత్తగారు మా గేటు ముందుకు వచ్చి, పై మెట్ల మీద నిలబడ్డ ఆమెను చెడామడా తిట్టింది.

"శుభమా అని పిల్లకు పేరు పెట్టుకుంటుంటె దవాఖాన మాట తెస్తవా? నీ నోరు వడిపోను!"

ఆమె మెట్ల మీద మడమలు లేపుతూ దించుతూ అంతా విన్నది. చివరికి, "ఏం లేదన్నరు గద. మంచిదే గద అక్కా" అని లోపలికి పోయింది. ఆ ఇంటి వాళ్ళు తర్వాత ఆమెను దేనికీ పిలవలేదు. ఆమె మాత్రం ఆ అమ్మాయి రెండో కాన్పుకు కూడా పిలవకుండానే పోయి వచ్చింది. తలుపు తియ్యలేదట.

నా కూతురు నారాయణగూడలో ఒక నర్సింగ్ హోంలో పెద్దాపరేషన్‌తో పుట్టింది. అక్కడి నుంచి అమ్మ నన్ను చిక్కడపల్లికి తీసుకొచ్చింది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, కిటికీలన్నీ మూసిన గది. కుట్లు లాగుతాయని నేను మంచం దిగేదాన్ని కాదు. అమ్మ కూడా దిగనిచ్చేది కాదు. అత్తమ్మ అప్పుడు అంబర్‌పేటలో పెద్దకొడుకు ఇంట్లో ఉంది. ఆమె లేదని తెలిసి నాకు కొంచెం హాయిగా అనిపించిన మాట నిజం.

రెండో వారంలో ఎడమ కాలు బరువెక్కింది. ముందు తిమ్మిరి అనుకున్నాను. తర్వాత పిక్కలో లోపలెక్కడో పట్టేసినట్టు నొప్పి మొదలైంది. పాదం కింద పెడితే కాలు పగిలిపోతుందేమో అనిపించేది. అమ్మతో చెప్పాను.

"ఊకె పండుకుంటున్నవు గద, కాలు పట్టుకుంటది. బాలింతలకు కాళ్ళు వాస్తయి. మాకు వాయలేదా? రేపు నూనె పెట్టి గట్టిగ రుద్దిపిస్త, ఇడుస్తది."

మరునాడు పొద్దున పాపకు నీళ్ళు పోయడానికి వచ్చే ఆమె, పాప పని ముగించి, నువ్వుల నూనె వెచ్చచేసుకుని నా మంచం దగ్గరికి వచ్చింది. ఆమె చేతులు బలమైనవి. కుడి కాలు రుద్దుతుంటే సుఖంగానే ఉంది. ఎడమ కాలి మీద నూనె పోసి రెండు చేతులూ ఆనించేసరికి తలుపు దగ్గర నుంచి మాట వినబడింది.

"చెయ్యి తియ్యి."

అత్తమ్మ అప్పుడే ఆటో దిగినట్టుంది. చేతిలో సంచి అలాగే ఉంది.

"ఏందమ్మా?" అన్నది నూనె ఆమె.

"చెయ్యి తియ్యి అంటున్న. ఆ కాలు ముట్టకు."

సంచి గుమ్మంలోనే పెట్టి వచ్చి మంచం మీద కూర్చుంది. మామూలుగా అడిగే మాట కూడా అడగలేదు. రెండు కాళ్ళ మీదా అరచేతులు వేసింది. ఎడమ వైపు చేయి అక్కడే కాసేపు ఉంచింది. తర్వాత చుట్టూ చూసి, దేవుడి గూట్లో ఉన్న పూలబుట్ట నుంచి దారం తెమ్మని అమ్మకు చెప్పింది. ఆ దారాన్ని నా కుడి పిక్క చుట్టూ తిప్పి, కలిసిన చోట వేళ్ళతో పట్టుకుని, అదే కొలతతో ఎడమ పిక్కకు చుట్టింది. దారం చివరలు కలవలేదు. మధ్యలో బొటనవేలంత సందు మిగిలింది.

"వదినా, పిల్లను దవాఖానకు తీస్కపోదాం పా."

అమ్మ బిత్తరపోయింది. "పచ్చి బాలింతను ఎట్ల తీస్కపోతం? పురుడన్న కాలె. గాలి తగిల్తె రేపు ఎవరు చూస్తరు?"

"గాలి తగిల్తె జలుబు చేస్తది. ఇది జలుబు కాదు వదినా."

"నువ్వు ఇట్లనే ఆ వెనక సందు పిల్లను కూడ…"

"అవును, గప్పుడు తప్పయింది" అన్నది ఆమె. "ఇప్పుడు కూడ తప్పయితె మంచిదే. రేపొచ్చి నన్ను తిట్టు. ఇయ్యాల ఆటో పిలువు."

గొంతు పెంచలేదు. నేను అమ్మ ముఖం చూశాను. అమ్మ నా కాలి మీద వేలాడుతున్న దారాన్ని చూస్తోంది. అప్పుడు నాన్న ముందు గదిలో నుంచి చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినిపించింది.

ఆటోలో నా కాలు ఆమె ఒడిలో పెట్టుకుంది. నారాయణగూడ చౌరస్తాలో బండ్లు ఆగిపోయి హారన్లు మోగుతున్నాయి. పాపను అమ్మ దగ్గర వదిలి వచ్చానని నాకు పాలు చేపుకొస్తున్నాయి, ఏడుపొస్తోంది. ఆమె ఒక్క ఓదార్పు మాట కూడా చెప్పలేదు. "ఊపిరి మంచిగ ఆడుతున్నదా?" అని మాత్రం అడుగుతూ ఉంది. ఆడుతోంది అంటే తల ఊపి, ముందున్న బస్సును చూసేది. కాసేపటికి మళ్ళీ అదే ప్రశ్న. విసుగొచ్చి ఒకసారి జవాబు చెప్పలేదు. అప్పుడు నా భుజం పట్టుకుని గట్టిగా కుదిపింది. "అడిగితె చెప్పాలె" అంది.

స్కానింగ్ తీసినాయన మొదట ఏవో ముచ్చట్లు చెబుతూ, తొడ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. పెద్ద సిరలో రక్తం గడ్డకట్టిందని డాక్టరమ్మ చెప్పింది. కాన్పు తర్వాత కొన్ని వారాలు రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుందట. ఆపరేషన్ అయి కదలకుండా పడుకున్న వాళ్ళలో మరీనట. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ప్రమాదం.

"మాలిష్ చేశారా?" అని అడిగింది.

నేను లేదన్నాను. నాన్న అత్తమ్మ కోసం చూశాడు. ఆమె అక్కడ లేదు. బయట వరండాలో ఖాళీ స్ట్రెచర్ మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే, దిగమని నర్సు పోట్లాడుతోంది.

కడుపు మీద ఇంజెక్షన్లు, తర్వాత నెలల తరబడి మాత్రలు. బతికాను. అమ్మ ఈ సంగతి వీధంతా చెప్పింది, ఫోన్లు చేసి మరీ చెప్పింది. అత్తమ్మ మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. నాకు ఆమె మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చిందని రాస్తే అబద్ధం. ఆమె మాట కటువు. నా ముఖం చూడకముందే కాళ్ళు చూసేది. ఆస్పత్రికి వచ్చిన వాళ్ళు నాకోసం తెచ్చిన బత్తాయిలన్నీ ఒలుచుకుని తినేసింది. కానీ ఆమె గదిలో ఉన్నప్పుడు నాకు నిద్ర పట్టేది.

ఇంటికి వచ్చాక డాక్టరమ్మ రాసిన బిగుతు మేజోళ్ళు వేసుకోవడం నా వల్ల అయ్యేది కాదు. పాదం దగ్గరే ఇరుక్కుపోయేవి. ఒక పొద్దున అత్తమ్మ వచ్చి నా అవస్థ చూసి, తలుపు మూసి గడియ పెట్టింది.

"గట్ల గుంజితె చినుగుతయి. లేవకముందే ఏస్కోవాలె, కాళ్ళల్ల రక్తం దిగకముందే. లోపలిది బయటికి తిప్పు. ఇగో, చూడు."

కుర్చీలో కూర్చుని చీర మోకాళ్ళ దాకా లేపి, తన మేజోడు తీసింది. అప్పటి దాకా ఆమె కాళ్ళు చూసిన మనిషి నేను ఎరిగినంతలో లేరు. మోకాలి వెనక నుంచి పాదం దాకా నీలం నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి, అక్కడక్కడ ద్రాక్షల్లా ముడులు కట్టి ఉన్నాయి. చీలమండ పైన చర్మం కాలిన రొట్టెలా నల్లబడింది. అక్కడే ఒక గాజుగుడ్డ కట్టు. కట్టు అంచున పసుపు తడి.

"పుండా?" అన్నాను.

"ఆఁ. మానుతది, మల్ల అయితది."

"ఎప్పటి నుంచి అత్తమ్మా?"

"నరాలా? పెద్దోడు పుట్టినప్పుడు సన్నగ తేలినయి. రెండోది పుట్టినంక ఉబ్బినయి. చిన్నోడు పుట్టినంక ఇగ ఇట్ల." ఆమె మేజోడును తిరగేసి మడమలోకి వేలు పెట్టి చూపిస్తూనే చెబుతోంది. "మూడు కాన్పులకు ఇంటినిండ మంది వచ్చిండ్రు. పిల్లను చూసిండ్రు, పోయిండ్రు."

"ఆపరేషన్ ఉంటుంది కదా?"

"డాక్టర్లు చెప్పిండ్రు. పిల్లలు చిన్నగ ఉండిరి. తర్వాత పరీక్షలు, తర్వాత పెండ్లిళ్ళు. కాలు నాదే గద, ఎప్పుడన్న చేపిచ్చుకోవచ్చు అనుకున్న."

"మామయ్యకు తెలుసా?"

"కాళ్ళు గుంజుతయని తెలుసు."

"ఇట్ల ఉన్నాయని?"

ఆమె మేజోడు పైకి లాక్కుని, చీర దించి, కుచ్చిళ్ళు సరిచేసుకుంది. "ఆయన అడగలె" అన్నది. ఆ గొంతులో నిష్ఠూరం ఏమైనా ఉందా అని నేను వెతికాను. కనిపించలేదు. "ఇగ నువ్వు ఏస్కో, చూస్త" అన్నది.

నడవాలని డాక్టరమ్మ చెప్పాక, సాయంత్రాలు నన్ను నడిపించే పని కూడా ఆమే తీసుకుంది. అశోక్‌నగర్ దాకా పోయి వచ్చేవాళ్ళం. కోచింగ్ సెంటర్ల పిల్లలు ఫుట్‌పాత్ నిండా పుస్తకాలతో, టీ గ్లాసులతో నిలబడి ఉండేవాళ్ళు. ఆమె వాళ్ళ మధ్య నుంచి "జర జరగుండ్రి నాయనా, బాలింత వస్తున్నది" అని గట్టిగా చెబుతూ దారి చేసేది. నేను సిగ్గుతో తల దించుకుని నడిచేదాన్ని.

అక్కడ ఒక సందులో అపార్ట్‌మెంట్ కడుతున్నారు. పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక కూలి ఆమె, వీపున పసిపిల్లను కట్టుకుని ఇసుక జల్లెడ పడుతోంది. పిల్లకు రెండు నెలలు కూడా ఉండవు. అత్తమ్మ ఆగింది.

"ఏమ్మా, కాళ్ళు గుంజుతున్నయా? ఒకపారి చూపియ్యి."

ఆమె జల్లెడ ఆపకుండానే నవ్వింది. "చూసి ఏం జేస్తవమ్మా? గుంజుతయి. నిలబడుడే మా పనాయె."

అత్తమ్మ ఆమె కాళ్ళ వైపు ఒకసారి చూసి నడిచింది. మలుపు తిరిగాక, "నిజమే చెప్పింది" అన్నది, నాతో కాదు. మరునాడు సాగే పట్టీ చుట్ట ఒకటి కొనుక్కుపోయి ఆమెకు ఇచ్చి, కింది నుంచి పైకి ఎలా చుట్టుకోవాలో తన చేతి మీద చుట్టి చూపించింది. నాలుగు రోజుల తర్వాత అటు పోతే ఆ పట్టీ కాలికి లేదు. పిల్లను వీపుకు కట్టుకున్న గుడ్డ జారకుండా దానితో బిగించుకుంది. నేను అత్తమ్మ ముఖం చూశాను, ఏమైనా అంటుందేమోనని. ఆమె ఆ కట్టును కాసేపు పరీక్షగా చూసి, "పిల్ల పడదు తియ్యి" అని ముందుకు నడిచింది.

తర్వాత నేను విద్యానగర్ వచ్చేశాను. నా కూతురు ఇప్పుడు బడికి పోతోంది. చిక్కడపల్లి పోయినప్పుడల్లా అత్తమ్మ బాల్కనీ నుంచి కనిపించేది. పలకరింపుగా నేను తల ఎత్తితే, ఆమె చూపు నా పాదాల మీద ఉండేది. అంతకు మించి మా మధ్య ఏమీ పెరగలేదు.

ఆ పొద్దున నేను చేరేసరికి ఆమెను హాల్లో చాప మీద పడుకోబెట్టారు. కొడుకులు, కూతురు దారిలో ఉన్నారు. మామయ్య గోడకు ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ముత్తయిదువగా పోయింది గనక కాళ్ళకు పసుపు రాయాలని ఆడవాళ్ళు చిన్న గిన్నెలో పసుపు కలిపారు. అమ్మ చీర కొంచెం పైకి జరిపి, మేజోళ్ళు రెండూ మెల్లగా తీసింది. కట్టు విప్పింది.

మామయ్య ముందుకు వంగాడు. కళ్ళద్దాలు తీసి, లుంగీ అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఎప్పటి సంది?" అని అడిగాడు, ఎవరినని లేకుండా.

"చిన్నోడు పుట్టినప్పటి సంది అన్నా" అన్నది అమ్మ. ఆమెకు నేను చెప్పిందే.

ఆ చిన్నోడికి ఇప్పుడు తల నెరుస్తోంది.

పసుపు గిన్నె పట్టుకున్న ఆమె అత్తమ్మ చీలమండ దగ్గరికి చేయి తీసుకుపోయింది. మామయ్య గోడ వదిలి, మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చి ఆమె చేతికి తన చేయి అడ్డం పెట్టాడు.

"జర మెల్లగ రాయమ్మా" అన్నాడు. "ఆడ పుండున్నది."